నేను పూలకుండీని కాను

నేను ఒక జీపుని. పాత జీపునని మీరు మనసులో అనుకుంటున్నారని నాకు తెలుసు. అనుకోండి. నర్సీపట్నంలో నన్ను చూసిన ప్రతివాడూ ముందు ఆ మాటే అంటాడు. తర్వాత నా బానెట్టు మీద అరచేత్తో ఒకటి కొట్టి, ఆ రోజుల్లో ఇనుము ఇనుమేనని మెచ్చుకుంటాడు. ఆ మెచ్చుకున్నవాడే పోతూ పోతూ తుక్కు కొట్టువాడి ఫోన్ నంబరు చెప్పి పోతాడు. అందుకే మనుషుల మెచ్చుకోలు మీద నాకు నమ్మకం పోయి చాలా కాలమైంది.

నేను పుట్టింది బొంబాయిలో ఒక కార్ఖానాలో. పుట్టుక గురించి గొప్పలు చెప్పుకోవడానికేం లేదు. రేకులు వంచారు, రివిట్లు కొట్టారు, కింద ఇరుసులు బిగించారు. మామూలు బండిని వెనక చక్రాలే తోస్తాయి. నాకు పక్కనున్న చిన్న గేరు వేస్తే ముందు చక్రాలు కూడా పట్టుకుని లాగుతాయి. బురదలో, రాళ్లలో, వాగుల్లో నేను వెళ్లగలగడానికి అదే కారణం. నా పొగరుకీ అదే కారణం. అంతా అయ్యాక ఒక మనిషి సుత్తీ అచ్చులూ పట్టుకుని, నా ఒళ్లంతా మోసే కింది ఇనప దూలం మీద ఒక నంబరు గుద్దాడు. దాన్ని చాసిస్ నంబరంటారు. అదే నంబరున్న చిన్న రేకు ఇంకొకటి బానెట్టు లోపల బిగించాడు. ఒకే నంబరు రెండుచోట్ల ఎందుకో అప్పుడు నాకు అర్థం కాలేదు. మనుషుల సంగతి మనుషులకే బాగా తెలుసు.

మొదటి కొలువు మలేరియా శాఖలో. బూడిదరంగు ఒళ్లు, వెనక మందు డ్రమ్ములు, వాటి పక్కన పిచికారీ పంపులు. చింతపల్లి, లంబసింగి వైపు కొండల్లో ఊరూరా తిరిగాను. దోమలకి మందు కొట్టడానికి వచ్చామంటే ఎవరూ తలుపు తీసేవారు కాదు. నల్లులు చస్తాయంటే మాత్రం మంచాలు వీధిలోకి మోసుకొచ్చి మరీ పిలిచేవారు. మా ఇనస్పెక్టరు మొదటి నెలంతా దోమల మీద ఉపన్యాసాలిచ్చి గొంతు పోగొట్టుకున్నాడు. రెండో నెల నుంచి నల్లుల గురించి మాట్లాడి పని పూర్తి చేసుకున్నాడు.

పదిహేనేళ్ల తర్వాత వేలంలో ఒక రోడ్ల కంట్రాక్టరు నన్ను పాడుకున్నాడు. ఆయన వేసిన రోడ్డు మీద ఆయన వెళ్లడానికి నాలాంటి బండే కావాలి, మామూలు కారు పనికిరాదు. మధ్యలో మూడు ఎన్నికలొచ్చాయి. మూడుసార్లు నాకు మూడు రంగులు పూశారు. ఏ రంగులో ఉన్నా ఎక్కినవాళ్లు అవే వాగ్దానాలు చేశారు. నాకు సిగ్గేసింది కానీ వాళ్లకేం అనిపించినట్టు లేదు.

ఆ తర్వాత సన్యాసిరావు వచ్చాడు. నాకు తెల్లరంగు వేయించి, డీజిల్ ఇంజను ఎక్కించి, ఆ మార్పు కాయితాల్లో రాయించి, నర్సీపట్నం నుంచి చింతపల్లికి షేరు జీపుగా తిప్పాడు. కూర్చోడానికి ఎనిమిది మందికి చోటు. ఎక్కేది ఇరవైమూడు మంది. అందులో కోడిపుంజులూ పనసకాయలూ లెక్కలోకి రావు. ఇంకా ఇద్దరు నిలబడతారేమోనని రెండు పక్కలా ఇనప మెట్లు వెల్డింగు చేయించి, గట్టిగా ఉన్నాయో లేదో చూడటానికి తనే ఎక్కి నాలుగుసార్లు గెంతాడు. పందొమ్మిదేళ్లు ఆ ఘాటీ మలుపుల్లో, కొండరోడ్డు మీద ఎక్కాను, దిగాను. ఒక్కసారి కూడా దొర్లలేదు. ఈ మాట గర్వంగానే చెబుతున్నాను.

సన్యాసిరావు మంచివాడు, మంచి డ్రైవరు. ఒక్క మాట దగ్గర మాత్రం మొండి. వాళ్లావిడ రవణమ్మ నన్ను కడిగేది, సీట్ల చిరుగులు కుట్టేది. ఇంజను చప్పుడులో తేడా వస్తే వంటింట్లోంచే, "ఏదో లూజయినట్టుంది సూడు" అనేది. సన్యాసిరావు చూసేవాడు. నిజంగానే ఏదో ఒకటి వదులై ఉండేది. అంత తెలిసిన మనిషిని డ్రైవరు సీట్లో మాత్రం కూర్చోనిచ్చేవాడు కాదు. "ఆడసెయ్యి పడితే బండికి అచ్చిరాదే" అనేవాడు. ఆ మాట వాళ్ల నాన్న చెప్పాడట. వాళ్ల నాన్న తోలింది ఎడ్లబండి. నాకేది అచ్చొస్తుందో నన్నెవరూ అడగలేదు.

స్టీరింగు ముట్టుకోనివ్వలేదు గానీ పూజ మాత్రం రవణమ్మ చేతే చేయించేవాడు. దసరాకి నా చక్రాల కింద నిమ్మకాయలు, ముందు కొబ్బరికాయ. బానెట్టు ఎత్తి ఆ చిన్న నంబరు రేకు చూపించి, "దీని జాతకమంతా ఇదేనే, బొట్టు ఇక్కడెట్టు" అనేవాడు. ఆమె భక్తిగా పసుపు రాసి, గంధం పూసి, కుంకుమ పెట్టి, మిగిలిన కొబ్బరినీళ్లు దాని మీదే పోసేది. పందొమ్మిది దసరాలు అలా జరిగాయి. తడి పసుపూ కొబ్బరినీళ్లూ ఒక పల్చటి రేకుని ఏం చేస్తాయో వాళ్లిద్దరికీ తోచలేదు.

సన్యాసిరావు కామెర్లతో పోయాడు. నన్ను ఇంటి పక్కన రేకుల షెడ్డులోకి తోశారు. ఎనిమిదేళ్లు అక్కడే ఉన్నాను. సీట్లో కోళ్లు గుడ్లు పెట్టాయి, వైర్లు ఎలకలు తిన్నాయి, వెనక పిడకలు పేర్చారు. నేను మాత్రం ఏ రోజూ నా పని అయిపోయిందని అనుకోలేదు.

రవణమ్మ ఆ ఎనిమిదేళ్లూ సత్తుగిన్నెల వ్యాపారం చేసింది. కొండమీద వారపు సంతల్లో గోనెపట్టా పరిచి గిన్నెలమ్మేది, సొట్టలు పడిన పాత గిన్నెలు అక్కడికక్కడే సుత్తితో సరిచేసి ఇచ్చేది. మూటలతో ఊళ్లోవాళ్ల ఆటోల్లో, జీపుల్లో వెళ్లేది. మనుషులు ఎక్కువగా దొరికితే వాళ్లు ఆమె మూటలు దింపేసేవారు. ఒక వానాకాలం ఘాటీ మధ్యలోనే దింపేశారు. మూటల మీద కూర్చుని పూటంతా తడిసింది. ఆ నెలలో మూడు సంతలు పోయాయి.

ఆమె మరిది సింహాద్రి చెడ్డవాడు కాడు. వదిన పడే బాధ చూడలేక ఒకరోజు వచ్చి, "సంతలు ఒగ్గీ వదినా. మా ఇంటికొచ్చీ. పిల్లల్ని సూసుకుని, ఇంత వండిపెట్టి, నీడపట్టున ఉండు" అన్నాడు. రవణమ్మ అతనికి మజ్జిగిచ్చి పంపింది. అతను వెళ్లాక షెడ్డులోకి వచ్చి కోళ్లని తోలేసింది. నా బానెట్టు మీద చెయ్యి వేసి నిలబడింది.

"నువ్వు లెగిస్తే నాను సంతకెల్తాను. నువ్వు లెగవకపోతే సింహాద్రి ఇంట్లో పప్పు రుబ్బుకుంటాను. నీ ఇష్టం" అంది.

ఆమె దగ్గర డ్రైవింగు లైసెన్సు ఉందని అప్పుడు తెలిసింది. రెండేళ్ల కిందట ఒక డ్రైవింగు స్కూలు వాళ్ల చిన్న కారు మీద నేర్చుకుని, ఎవరికీ చెప్పకుండా సంపాదించిందట. లైసెన్సు ఉంది, బండి లేదు. బండి ఉంది, అది నడవదు. మా ఇద్దరికీ తిక్క సమానమే కాబట్టి కుదిరింది.

నన్ను బాగుచేయడానికి కాశిం సాయిబు వచ్చాడు. ఒకప్పుడు ఈ ఊళ్లో పేరున్న మెకానిక్కు. ఇప్పుడు మోకాళ్లు వంగవు. అందుకని ఆయన స్టూలు మీద కూర్చుని చేతికర్రతో చూపించేవాడు, రవణమ్మ నా కిందికి దూరి పని చేసేది. బుర్ర ఆయనది, చేతులు ఆమెవి. వీధిలో పోయేవాళ్లు గుమ్మం దగ్గర ఆగి నవ్వేవారు. కర్ర పట్టుకున్న ముసలాయనా, బండి కింద నుంచి బయటికి కనిపించే రెండు ఆడకాళ్లూ వాళ్లకి మంచి కాలక్షేపం.

ఇంజను బిగుసుకుపోయింది. లోపల కిరసనాయిలూ ఆయిలూ కలిపి పోసి తొమ్మిది రోజులు నాననిచ్చారు. పదో రోజు ముందు నుంచి హ్యాండిలు పెట్టి తిప్పితే జానెడు కదిలాను. నట్లు ఊడలేదు. నేనూ అంత తేలిగ్గా లొంగే రకాన్ని కాను, మేలు చేసేవాళ్లకి కూడా. ఒక్కో నట్టుకీ వేడి పెట్టి, నూనె పోసి, సుత్తితో దెబ్బలేసి, నన్ను తిట్టి, నన్నే బతిమాలింది. అడుగు రేకు తుప్పుకి జల్లెడైపోతే పాత ఆయిలు డ్రమ్ము కోసి అతికించారు. గతుకుల్లో కుదుపు ఆపే కమాన్ పట్టీలు ఒక్కొక్కటీ విప్పి తుడిచి గ్రీజు పెట్టింది. మడ్గార్డుల సొట్టలు తీయడానికి పెయింటు షాపువాడు లప్పం డబ్బా చూపించి పూసేయమన్నాడు. రవణమ్మ ఒప్పుకోలేదు. రేకు వెనక ఇసక మూట ఆనించి, ముందు నుంచి చిన్న చిన్న దెబ్బలతో గిన్నె సొట్ట తీసినట్టే తీసింది. సాయిబు వేలితో తడిమి చూసి, "నా సర్వీసులో ఇంత సాపుగా ఎవడూ తియ్యలేదమ్మా" అన్నాడు. ఆమె మొహం తిప్పుకుంది గానీ ఆ రోజంతా హుషారుగా ఉంది.

నలభై ఒకటో రోజు నేను స్టార్టయ్యాను. స్టార్టవడం అంటే మామూలుగా కాదు, ఎనిమిదేళ్ల పొగ ఒక్కసారే వదిలాను. పక్కింటావిడ ఎండబెట్టిన వడియాలు నల్లబడ్డాయి. ఆవిడ తిట్టింది. రవణమ్మ నవ్వుతూ తిట్టించుకుంది.

ఆ సమయంలోనే అరకు వైపు రిసార్టు కట్టుకున్న ఒకాయన కారులో వచ్చాడు. ఎవరో నా ఫొటో పంపారట. నా చుట్టూ రెండుసార్లు తిరిగి, "మా గేటు దగ్గర పెడతామండి. బానెట్టు తీసేసి అందులో మట్టి నింపి బంతిపూలు వేస్తాం. అందరూ ఫొటోలు దిగుతారు" అన్నాడు.

"నడవదేటి మరి?" అని అడిగింది రవణమ్మ.

"నడవక్కర్లేదండీ. అందంగా ఉంటే చాలు."

"అలగైతే ఇవ్వనండి."

ఆయనకి అర్థం కాలేదు. సింహాద్రికీ అర్థం కాలేదు. నాకు అర్థమైంది. నడిచినన్నాళ్లు నా దుమ్ము తిన్నవాళ్లు, నడవనని తెలియగానే పూలు పెడతామంటారు. ఆ మర్యాద నాకక్కర్లేదు.

ఇక కాయితాలు. నా రిజిస్ట్రేషను గడువు ఎప్పుడో దాటిపోయింది. రవాణా ఆఫీసు మైదానంలో చూపించి ముద్ర వేయించుకుంటేనే రోడ్డెక్కాలి. ముందురోజు రవణమ్మ నన్ను శుభ్రం చేయడం మొదలుపెట్టింది. ఆఫీసరు బానెట్టు ఎత్తి చూస్తాడని సాయిబు చెప్పాడు. ఎత్తితే ఆ నంబరు రేకు పసుపూ కుంకుమా పేరుకుని నల్లగా ఉంది. దేవుడి సామాను తోమినట్టే చింతపండు పెట్టి, బూడిద వేసి, కొబ్బరిపీచుతో అరగంట తోమింది. రేకు తళతళలాడింది. చూసుకుని మురిసిపోయింది. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారే, అదే జరిగింది. అప్పటికే పసుపూ కొబ్బరినీళ్లూ సగం తినేసిన అంకెలు ఆ తోముడుతో పూర్తిగా పోయాయి. అవి పోతుంటే నాకు తెలుస్తూనే ఉంది.

మర్నాడు ఆఫీసు పనీ రోడ్డు మీద తోలడమూ మగాళ్ల పనని సింహాద్రి డ్రైవరు సీట్లో కూర్చున్నాడు. రవణమ్మ ఎడమపక్క కూర్చుంది. ఆఫీసరు చదువుకున్న కుర్ర మనిషి, కళ్లజోడు. లైట్లు చూశాడు, బ్రేకులు చూశాడు, బాగానే ఉన్నాయన్నాడు. తర్వాత బానెట్టు ఎత్తి, చాసిస్ నంబరు అచ్చు తీయడానికి కాయితం, పెన్సిలు బయటికి తీశాడు. నంబరు మీద కాయితం పెట్టి పెన్సిలు రుద్దితే అంకెలు పైకి రావాలి. కాయితమంతా నల్లబడింది, ఒక్క అంకె రాలేదు.

"బాగా తోమారమ్మా. నా మొహం కనిపిస్తోంది. నంబరు కనిపించట్లేదు" అన్నాడు.

రవణమ్మ వంగి చూసింది. రేకు మీద వేలు పెట్టి ఇటూ అటూ రాసింది. ఏం జరిగిందో, ఎవరి చేత్తో జరిగిందో ఆమెకి అప్పుడు తెలిసింది.

"నంబరు లేకపోతే ఇది మీ బండే అని నేనెలా రాయను? చాసిస్ మీద కూడా గుద్ది ఉంటారు. వెతకండి. నెలాఖరులోగా చూపిస్తే సరే. లేదంటే దీన్ని తుక్కు కింద రాసెయ్యాల్సిందే" అన్నాడు ఆఫీసరు. అతను అన్నదాంట్లో తప్పు లేదు. నాకు మాత్రం కోపం వచ్చింది. యాభై ఏళ్లు ఈ కొండలెక్కిన నేను, నాలుగు అంకెలు లేకపోతే నేను కాదట.

ఇంటికొచ్చాక సింహాద్రి రిసార్టు ఆయనకి ఫోన్ చేశాడు. "కాయితాలడగనోడు ఆయనొక్కడే వదినా. ఆదివారం లారీ అంపుతానన్నాడు. ఇంక మంకు పట్టకు" అన్నాడు. ఆదివారానికి నాలుగు రోజులుంది.

నంబరు ఎక్కడుందో నాకు తెలుసు. ఎడమ ముందు చక్రం వెనక, దూలం బయటి పక్కన. జానెడు మేర. నాకు నోరు లేనందుకు బాధపడింది నా జన్మలో ఆ నాలుగు రోజులే. హారనుంది గానీ దానికి మాటలు రావు. రవణమ్మ ఉప్పుకాగితం, వైరు బ్రష్షు పట్టుకుని నా దూలం రెండు పక్కలా ముందు నుంచి వెనక దాకా గీకింది. గోళ్లు విరిగాయి. వెనకెక్కడా లేదు, ముందూ లేదు, కుడిపక్క మెట్టు తుప్పుకి ఎప్పుడో ఊడిపోయింది, అక్కడా లేదు. మూడో రోజు సాయంత్రం సాయిబు కర్రతో ఎడమవైపు మెట్టు తట్టాడు.

"ఇంక మిగిలింది దీని కిందేనమ్మా."

సన్యాసిరావు వెల్డింగు చేయించి, గెంతి చూసుకున్న మెట్టు అది. దాని రేకు సరిగ్గా నంబరు మీదుగా పడింది. రవణమ్మ దాని మీద చెయ్యి వేసుకుని కూర్చుంది.

"ఆయన పెట్టించింది" అంది.

"కొయ్యడం తప్ప దారి లేదు. కొయ్యమంటే రేపు మనిషిని పిలుస్తాను" అన్నాడు సాయిబు.

మెట్టు అంచుని ఈ చివర నుంచి ఆ చివర దాకా వేలితో తడిమింది. అంతసేపూ నాకు ఊపిరాడలేదు. నాకు ఊపిరి ఉండదని మీరంటారు. ఆ సాయంత్రం ఉంది.

"మనిషెందుకు? ఆ రంపం ఇలాగివ్వండి" అంది.

ఆ రాత్రికి ఆపి, పొద్దున్నే మళ్లీ పట్టుకుంది. నాలుగు బ్లేడ్లు విరిగాయి. మధ్యాహ్నానికి మెట్టు ఊడి కింద పడింది. కింద సన్యాసిరావు తెల్లరంగు, దాని కింద ఎన్నికల రంగులు మూడూ, కంట్రాక్టరు ఆకుపచ్చ, అన్నిటికీ అడుగున మలేరియా వారి బూడిదరంగు. ఉప్పుకాగితంతో ఒక్కో పొరా తీసింది. ఆ మెట్టే వానా ఎండా తగలనివ్వకుండా కాపాడినట్టుంది, అంకెలు నిన్న గుద్దినట్టు బయటపడ్డాయి. సాయిబు కాయితం ఇచ్చాడు. ఆమె కాయితం ఆనించి పెన్సిలు రుద్దింది. ఒక్కొక్క అంకె పైకి వస్తుంటే రవణమ్మ ఏడ్చింది. దాచుకోకుండా, గట్టిగా ఏడ్చింది. నేనూ సంతోషించాను. నా పేరు నాకు తిరిగి వచ్చినంత సంతోషం.

ఆదివారం లారీ వచ్చింది. ఆమె డ్రైవరుకి టీ ఇచ్చి వెనక్కి పంపేసింది. సింహాద్రికి తలకొట్టేసినట్టయింది. పెద్దమనిషికి ఇచ్చిన మాట తప్పించావన్నాడు.

"మాటిచ్చింది నువ్వు. బండి నాది" అంది రవణమ్మ.

"మంచిది. ఇంక నాను రాను, తోలను. ఎవడు తోల్తాడో నానూ సూస్తాను" అని తన మోటారుసైకిలెక్కి వెళ్లిపోయాడు.

ఎవడు తోలతాడన్న ప్రశ్న అంతవరకూ ఆ ఇంట్లో ఎవరూ పైకి అడగలేదు. రవణమ్మ షెడ్డులోకి వచ్చి కుడిపక్క తలుపు దగ్గర ఆగింది. చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టి, సీటు మీద దుమ్ము దులిపి, ఎక్కి కూర్చుంది. స్టీరింగు మీద రెండు చేతులూ వేసింది. ఏమీ కాలేదు. టైరు పేలలేదు, ఇరుసు విరగలేదు, ఆకాశం ఊడి పడలేదు. నా ఒంట్లో ప్రతి నట్టూ బిగించిన చేతులే అవి. నాకు కొత్తేముంటుంది?

మూడు రోజులు ఊరి బయట ఖాళీ జాగాలో సాధన చేశాం. సాయిబు పక్కన కూర్చుని కర్రతో క్లచ్చు మీద, బ్రేకు మీద చూపించేవాడు. మొదటిరోజు ఏడుసార్లు ఆగిపోయాను. నాలుగుసార్లు ఆమె తప్పు, మూడుసార్లు నాది. నా క్లచ్చు గట్టిది, అది చిన్న కారులా మెత్తగా దిగదు. మూడో రోజుకి ఒకరి సంగతి ఒకరికి తెలిసింది.

నెలాఖరుకి రెండు రోజుల ముందు మైదానానికి వెళ్లాం. కొత్త కార్ల మధ్య నన్ను చూసి కొందరు ఫోన్లు ఎత్తి ఫొటోలు తీసుకున్నారు. ఆఫీసరు వచ్చి పెన్సిలు అచ్చు చూశాడు. వంగి దూలం మీద నంబరు చూశాడు. రెండిట్నీ కాయితాలతో పోల్చుకున్నాడు. తల ఊపి, డ్రైవరు సీట్లో ఉన్న మనిషిని దాటి వెనక్కి చూశాడు.

"డ్రైవరు ఎవరమ్మా?"

"నానే బాబూ."

లైసెన్సు తీసి ఇచ్చింది. అటూ ఇటూ తిప్పి చూశాడు. మైదానం చివర చిన్న మిట్ట ఉంది. సగం ఎక్కించి ఆపమన్నాడు, హ్యాండు బ్రేకు వేయమన్నాడు, మళ్లీ వెనక్కి జారకుండా ఎక్కించమన్నాడు. పెద్ద పెద్ద డ్రైవర్లకి కూడా అక్కడ కాలు వణుకుతుంది. ఆమె సగంలో ఆపింది. నిజం చెబుతున్నాను, నా బ్రేకులో పట్టు అంతంత మాత్రమే. పళ్లబిగువున ఆగాను. ఆమె క్లచ్చు మెల్లగా వదిలింది. నేను జానెడు కాదు, బెత్తెడు కూడా జారలేదు. అందరూ చూస్తుండగా మిట్ట ఎక్కి, పైన నిలబడ్డాను.

ఆఫీసరు ముద్ర వేసి కాయితం చేతికిచ్చాడు. "అయిదేళ్లకి రాశానమ్మా. తర్వాత మళ్లీ తెచ్చి చూపించాలి. అప్పటికి ఈ బండి ఉంటే" అన్నాడు.

"బండుంటాది బాబూ. మీరు బదిలీ అయిపోతే కొత్తగా వచ్చినాయనకి సెప్పి ఎల్లండి" అంది రవణమ్మ.

మైదానం గేటు బయట సింహాద్రి నిలబడి ఉన్నాడు. ఎంతసేపటి నుంచి ఉన్నాడో, మిట్ట దగ్గర చూశాడో లేదో చెప్పలేదు. "అయినాదా వదినా?" అని మాత్రం అడిగాడు. ఆమె కాయితం చూపించి, "ఎక్కు. ఇంటికెల్లి మూటలెయ్యాల. రేపు సంత" అంది.

అతను అలవాటు కొద్దీ కుడిపక్కకి వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు. ఆమె జరగలేదు. కోపంగానూ చూడలేదు, నవ్వనూ లేదు. స్టీరింగు మీద చేతులు తియ్యకుండా కూర్చుంది. కాసేపటికి సింహాద్రి తల దించుకుని ఎడమవైపు వెళ్లడానికి నా ముందు నుంచి నడవడం మొదలుపెట్టాడు. నా ముందు భాగం నాలుగడుగుల వెడల్పు. అది దాటడానికి అతనికి చాలాసేపు పట్టింది. నేను ఇంజను ఆరిపోకుండా ఆగాను. మాకు తొందరేం లేదు, అయిదేళ్లుంది.